కెమెరా లెక్క హమాలీకీ కనబడాలి

ధాన్యం కొలిచేటప్పుడు మన పెద్దలు 'ఒకటి' అనరు. 'లాభం' అంటారు. ఆ తర్వాతే రెండు, మూడు. కాటా దగ్గర, గోదాము గుమ్మం దగ్గర ఆ మాట ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తుంది. లారీ వెనక తలుపు తెరుచుకుంటుంది. హమాలీ నెత్తికి తువ్వాలు చుట్టుకుని, వంగి, 50 కిలోల బస్తా మెడ మీద వేయించుకుని లోపలికి నడుస్తాడు. గుమ్మం పక్కన గుమస్తా నాలుగు నిలువు గీతలు గీసి, ఐదో బస్తాకు వాటి మీద అడ్డగీత కొడతాడు. సాయంత్రానికి ఆ గీతలే ఖాతా. రైతు సరుకు ఎంత చేరింది, హమాలీకి ఎంత కూలి రావాలి, రేపు సరుకు తగ్గితే అది ఎవరి మెడకు చుట్టుకోవాలి, అన్నీ వాటి మీదే తేలతాయి.

ఆ గుమస్తా తలపైకి ఇప్పుడు కెమెరా వస్తోంది. గుమ్మానికి అడ్డంగా అది ఒక ఊహారేఖ గీసుకుంటుంది. బస్తా దాన్ని దాటి లోపలికి వెళ్తే ఒకటి కలుపుతుంది, బయటికొస్తే ఒకటి తీసేస్తుంది. లారీ నంబరు చదువుతుంది, టైము వేస్తుంది, ప్రతి బస్తాకూ ఫొటో దాచిపెడుతుంది. భోజనానికి లేవదు, కునుకు తీయదు, మొహమాటానికి పోయి గీత అటూ ఇటూ చేయదు. రేషన్ బియ్యం దారితప్పిన ప్రతిసారీ 'రికార్డుల్లో ఉంది, గోదాములో లేదు' అన్న మాట విని విని విసిగిన రాష్ట్రాలు మనవి. ఇలాంటి కన్ను వద్దని ఎవరంటారు? రావాలనే మేమూ కోరుతున్నాం. అయితే అది దేన్ని చూడాలి, చూసింది ఎవరికి చూపాలి అన్న రెండు ప్రశ్నలకు జవాబు కెమెరా బిగించకముందే రాసుకోవాలి. బిగించాక ఎవరూ రాయరు.

యంత్రానికి ఈ చూపు ఒక్కరోజులో రాలేదు. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలో, ఓ సూపర్ మార్కెట్ కౌంటరు దగ్గర చూయింగ్ గమ్ ప్యాకెట్ మీది బార్‌కోడ్‌ను యంత్రం చదివింది. చాలాకాలం దాని చూపు అంతే. గీతలుంటే చదువుతుంది, లేకపోతే దానికేమీ తెలియదు. అమెజాన్ 2012లో 77.5 కోట్ల డాలర్లు పెట్టి కొన్న కీవా సంస్థ రోబోలు కూడా నేలకు అతికించిన గళ్ల స్టిక్కర్లను చదువుకుంటూ అరలను మోసుకొచ్చేవి. అరలోంచి వస్తువు తీసేది మాత్రం మనిషే. ఆ పని యంత్రానికి నేర్పాలని అమెజాన్ 2015లో సియాటెల్‌లో పోటీ పెట్టింది. తీయాల్సిన వాటిలో బిస్కెట్ ప్యాకెట్ లాంటివాటితో పాటు పెన్సిళ్లు పెట్టుకునే ఇనుప జాలీ డబ్బా కూడా ఉంది. జాలీలోంచి వెనక ఉన్నది కనిపిస్తుంటే డబ్బా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కెమెరాకు ఓ పట్టాన తేలదు. గాలితో పీల్చి పట్టుకుందామంటే ఒంటినిండా కన్నాలే. మూడేళ్ల పిల్లాడు చటుక్కున తీసిచ్చే డబ్బా అది. పదేళ్లలో పరిస్థితి చాలా మారింది. 2022లో వస్తువులను విడివిడిగా గుర్తుపట్టి తీసే స్పారో అనే రోబో వచ్చింది. 2025లో వల్కన్ అనే రోబోకు చూపుతో పాటు స్పర్శ కూడా జోడించారు. అదే ఏడాది అమెజాన్ గోదాముల్లో రోబోల సంఖ్య 10 లక్షలకు చేరింది.

మన గోదాము ఆ గోదాములాంటిది కాదు. అక్కడ తెల్లటి వెలుగు, నున్నటి నేల, ఒకే కొలత డబ్బాలు. ఇక్కడ దుమ్ము, మసక దీపం, చిరిగిన గోనెసంచి, దాని పక్కనే మెరిసే ప్లాస్టిక్ సంచి. ఇద్దరు హమాలీలు ఒకరి వెనక ఒకరు ఆనుకుని గుమ్మం దాటితే రెండు బస్తాలు ఒక్కటిగా కనిపించే ప్రమాదం ఉంది. ఎక్కడో శుభ్రమైన గిడ్డంగి ఫొటోలతో నేర్చుకున్న యంత్రాన్ని తెచ్చి మిర్యాలగూడ మిల్లులోనో, కాకినాడ రేవు గోదాములోనో పెడితే తడబడుతుంది. ఇక్కడి బస్తాలు, ఇక్కడి వెలుతురుతోనే దానికి నేర్పించాలి. నేర్పాక కూడా కొన్నాళ్లు గుమస్తా గీతలతో పక్కపక్కన పెట్టి సరిచూడాలి. కొనుగోలు టెండరులో ఈ షరతు లేకపోతే ప్రజల సొమ్ము గోడకు వేలాడే అలంకారమవుతుంది.

గుంటూరు సంగతి ఇంకా సున్నితం. మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పి కాయలు పోసినప్పుడు వ్యాపారి కన్ను మొదట వెతికేది రంగు పోయి తెల్లబారిన తాలు కాయల్నే. తాలు ఎక్కువుందంటే రేటు పడిపోతుంది. ఆ 'ఎక్కువ' అంటే ఎంతో చెప్పే కొలబద్ద రైతు చేతిలో లేదు. రంగును బట్టి కాయలను వేరుచేయడం కెమెరాకు చేతనైన పని కాబట్టి, ఇక్కడ అది రైతుకు నిజంగా అండగా నిలబడగలదు. కానీ మామూలు కెమెరాకు తేమ కనబడదు, కుప్ప లోపల ఏముందో కనబడదు. పైపై ఫొటో తీసి 'యంత్రమే చెప్పింది' అంటూ రేటు కోస్తే రైతు ఎవరితో వాదించాలి? వ్యాపారితోనైతే కనీసం గొడవపడగలడు. యంత్రం తేల్చిన గ్రేడును కాదని రెండోసారి చూపించుకునే హక్కు, అప్పుడు మనిషి వచ్చి చూసే ఏర్పాటు యార్డు నిబంధనల్లోనే ఉండాలి.

ఇక హమాలీ. అతడి కూలి బస్తా లెక్కన. రోజంతా మోసి సాయంత్రం గుమస్తా చెప్పిన అంకె దగ్గర అతడు నిస్సహాయుడు. 'మేం మోసింది ఇంకా ఎక్కువ' అంటే రుజువేదంటారు. ఇప్పుడు రుజువు పుడుతోంది. ఫొటోతో, టైముతో సహా పుడుతోంది. అది యజమాని ఆఫీసు కంప్యూటరులో మాత్రమే ఉంటే, సరుకు తగ్గిన రోజున హమాలీని నిలదీయడానికి పనికొస్తుంది తప్ప కూలి తగ్గిన రోజున అతడికి అక్కరకు రాదు. ఒకే లెక్క ఒక పక్షానికే సాక్ష్యం చెప్పడం అన్యాయం. సరుకు లెక్క ఏ కెమెరాతో తేలుతుందో కూలి లెక్కా ఆ కెమెరాతోనే తేలాలి. ఏ పూటకాపూట హమాలీల ముఠా మేస్త్రీకి ఆ అంకె కాగితం మీద అందాలి.

దీనికి అవతలి వైపు మాకు భయం గొలుపుతోంది. బస్తాను చూసే కెమెరాకు బస్తా మోసే మనిషీ కనబడతాడు. అతడు ఎన్ని నిమిషాలు ఆగాడు, ఎన్నిసార్లు నీళ్లకు వెళ్లాడు, ఎవరితో మాట్లాడాడు అని లెక్కపెట్టడానికి కొత్త పరికరమేదీ అక్కర్లేదు. ఇది ఊహ కాదు. ఫ్రాన్స్‌లో అమెజాన్ గోదాముల విభాగానికి అక్కడి సమాచార రక్షణ సంస్థ 2024 జనవరిలో 3.2 కోట్ల యూరోల జరిమానా ప్రకటించింది. కార్మికుల చేతిలోని స్కానరు ప్రతి కదలికనూ నమోదు చేసేది. ఒక వస్తువు స్కాన్ చేశాక 1.25 సెకన్లలోపే రెండోది చేస్తే తప్పు పట్టేది, పది నిమిషాలు ఏదీ స్కాన్ చేయకపోతే దాన్నీ పట్టి చూపేది. తొందరపడినా తప్పే, నిదానించినా తప్పే. సంస్థ ఆ నిర్ణయాన్ని ఒప్పుకోలేదు. స్కానరుతోనే ఇంత సాధ్యమైతే, రెప్పవేయని కెమెరాతో ఎంత సాధ్యమో వేరే చెప్పనక్కర్లేదు. మన దేశంలో కెమెరా లేకుండానే ఆ ఒత్తిడి ఉంది. హరియాణాలోని మానేసర్‌లో ఒక పెద్ద సంస్థ గోదాములో, ఆరు ట్రక్కుల సరుకు దించేదాకా మంచినీళ్లకు, టాయిలెట్‌కు వెళ్లబోమని కార్మికుల చేత ప్రమాణం చేయించారన్న ఆరోపణపై 2024 జూన్‌లో జాతీయ మానవ హక్కుల కమిషన్ కేంద్రానికి నోటీసు ఇచ్చింది. అది మండువేసవి.

మన చట్టం ఈ విషయంలో కార్మికుడికి అండగా లేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోని ఏడో సెక్షన్ ప్రకారం ఉద్యోగ అవసరాలకు, యజమానిని నష్టం నుంచి కాపాడే అవసరాలకు సమాచారం వాడుకోవాలంటే ఉద్యోగి సమ్మతి అక్కర్లేదు. గోదాములో కెమెరా పెట్టేవాడు చెప్పే కారణాలు సరిగ్గా ఆ రెండే. కాలిఫోర్నియాలో 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న గోదాముల చట్టం, కార్మికుడికి పెట్టే లక్ష్యాన్ని రాతపూర్వకంగా చెప్పాలంటుంది. భోజన విరామాన్ని, టాయిలెట్‌కు వెళ్లడాన్ని అడ్డుకునే లక్ష్యం చెల్లదంటుంది. కార్మిక అంశం ఉమ్మడి జాబితాలో ఉంది. కాబట్టి ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోవాల్సిన పని లేదు, హైదరాబాద్, అమరావతి పూనుకోవచ్చు. సరుకు లెక్క కోసం తీసిన దృశ్యాన్ని మనిషి పనితీరు కొలవడానికి వాడరాదని ఒక్క వాక్యం చేర్చితే చాలు, సగం చిక్కు తీరుతుంది.

యంత్రం వస్తే పని పోతుందన్న భయం ఉంది, అది నిజమైన భయం. అలాగని బస్తాలు మోసే పనిని ఉన్నది ఉన్నట్టు కాపాడుకోవాలని మేం అనలేం. మగవాడి చేత 55 కిలోలకు మించి మోయించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మన పల్లెల్లో 75 కిలోల ధాన్యం బస్తా ఇప్పటికీ మామూలే. నలభై ఏళ్లకే నడుం వంగిపోయిన ఏ హమాలీ తన కొడుకు ఆ పనికి రావాలని కోరుకోడు. బరువు యంత్రం ఎత్తుకోనీయండి. ఆ యంత్రాన్ని నడిపే పని, లెక్క సరిచూసే పని, తప్పు చూపిన గ్రేడును మళ్లీ చూసే పని ముందుగా ఆ ముఠాలకే ఇవ్వండి. బస్తా చిరుగును, తడిసిన అడుగును వేలితో తాకి చెప్పగలవాళ్లు వాళ్లు. మహారాష్ట్ర 1969లోనే మథాడీ చట్టం తెచ్చి మోతకూలీలను బోర్డుల కింద నమోదు చేసింది. ఇక్కడి హమాలీలు అడుగుతున్న సంక్షేమ బోర్డు అలాంటిదే. గోదాములకు కెమెరాలు కొనే డబ్బున్న ప్రభుత్వాలకు ఆ బోర్డు పెట్టడం భారమేమీ కాదు.

పౌరసరఫరాల సంస్థల గోదాములు ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. మొదలుపెట్టాల్సింది అక్కడే. ఈ ఖరీఫ్ ధాన్యం మిల్లుల నుంచి బియ్యమై గోదాములకు చేరేలోపు, కెమెరా పెట్టిన ప్రతి గుమ్మం దగ్గరా లెక్క చూపే తెర పెట్టాలి. అది మేనేజరు గదిలో ఉంటే కుదరదు. బస్తా దించి తలెత్తిన హమాలీకి తెలుగు మాటల్లో, పెద్ద అక్షరాలతో కనబడేలా బయటే ఉండాలి.