ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే...

మన నాయకులకు క్షమాపణ చెప్పడం రాదని ఈమధ్య తెగ ఆడిపోసుకుంటున్నారు. ఇది అన్యాయం. చెప్పినట్టే ఉండాలి, వెతికితే అందులో ఏమీ ఉండకూడదు, ఇంత పనితనం ఒక్క ఎన్నికలో వచ్చేది కాదు. ఇంత గొప్ప విద్యకి తెలుగులో ఒక పాఠ్యపుస్తకం కూడా లేకపోవడం లోటే కాబట్టి, వార్డు మెంబరు నుంచి మంత్రిగారి దాకా అందరికీ పనికొచ్చేలా నాకు తెలిసిన నాలుగు ముక్కలు ఇక్కడ రాసి పెడుతున్నాను.

ముందు వ్యాకరణం. గ్లాసు చేతిలోంచి జారిన ప్రతి పిల్లాడికీ ఇది పుట్టుకతోనే వస్తుంది: "నేను పగలగొట్టలేదమ్మా, అదే పగిలింది!" మన భాష ఎంత దయగల తల్లంటే, పగలగొట్టడానికి ఒక క్రియ ఇచ్చి, దానంతట అది పగలడానికి ఇంకొకటి ఇచ్చింది. నాయకుడు ఆ రెండోదాన్ని పట్టుకుంటే చాలు. తప్పు చేశాను అనకూడదు, తప్పు జరిగింది అనాలి. "పొరపాటు దొర్లింది" అయితే ఇంకా శ్రేష్ఠం, గులకరాయిలా ఎక్కడి నుంచో దొర్లుకుంటూ వచ్చి మంత్రిగారి కాళ్ల దగ్గర ఆగింది, పాపం ఆయనేం చేస్తారు? ఇరాన్‌కి ఆయుధాలమ్మిన వ్యవహారం బయటపడ్డాక 1987లో అమెరికా అధ్యక్షుడు రీగన్ కూడా పొరపాట్లు జరిగాయనే అన్నారు, కానీ ఇంగ్లీషులో అలా అనడానికి వాక్యాన్ని తలకిందులు చేయాలి. మనకా తిప్పలు లేవు, కర్తని వదిలేసినా తెలుగు వాక్యం హాయిగా నడిచిపోతుంది.

తర్వాత "ఉంటే". మొదటిరోజు నా మాటల్ని వక్రీకరించారు అనాలి. పూర్తి వీడియో బయటికొచ్చాక యథాలాపంగా అన్నాను అనాలి. దిష్టిబొమ్మలు తగలబెట్టడం మొదలయ్యాక మాత్రమే, "నా వ్యాఖ్యల వల్ల ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే చింతిస్తున్నాను" అనాలి. ఆ 'ఉంటే'లో ఎంత గడుసుతనం ఉందో చూడండి, నేను అన్నానన్నది పక్కకి పోయింది, మీ మనసు అంత మెత్తగా ఎందుకుంది అన్నదే మిగిలింది. అప్పటికీ వదలకపోతే మాటలు వెనక్కి తీసుకోవాలి. తీసుకుని ఎక్కడ పెడతారో మాత్రం నాకు తెలీదు. సభలో అన్న మాటనైతే స్పీకరుగారు రికార్డుల నుంచి తొలగిస్తారు, ఫోన్లలోంచి తొలగించే స్పీకరు ఇంకా పుట్టలేదు.

కొత్తవాళ్లకి తరచూ వచ్చే సందేహం ఒకటుంది, మనుషులు పోయినప్పుడు ఏం చేయాలని. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్లు ఆరుగురు తొక్కిసలాటలో చనిపోయారు. మర్నాడు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చి క్షమాపణ చెప్పి, ఆ తర్వాత టీటీడీ పెద్దలు కూడా చెప్పాలన్నారు. టీటీడీ ఛైర్మన్ నుంచి క్షమాపణా వచ్చింది, క్షమాపణ చెబితే పోయినవాళ్లు తిరిగొస్తారా అన్న ప్రశ్నా వచ్చింది. ఆ ప్రశ్న నాకు భలే నచ్చింది. ఒక్కో కుటుంబానికి 25 లక్షలు ప్రకటించినప్పుడు, డబ్బిస్తే తిరిగొస్తారా అని ఎవరూ అడగలేదు చూశారా, మాట దగ్గరకొచ్చేసరికి మాత్రం ఖర్చు ఎక్కువైపోతుంది. పైగా ఆ డబ్బుకి మనం వాడే పేరు ఎక్స్‌గ్రేషియా. లాటిన్‌లో దానికి దయతో అని అర్థం, అంటే మేం బాధ్యులమై కాదు, దయగలవాళ్లమై ఇస్తున్నాం అని. చెక్కు మీద కూడా 'ఉంటే' పెట్టగలిగిన జాతి మనది.

అయితే ఈ వ్యాపారాన్ని చెడగొట్టిపోయినవాళ్లు కొందరున్నారు, వాళ్ల విషయంలో జాగ్రత్త. 1956లో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయింది, వందమందికి పైగా పోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ వద్దన్నారు. అదే ఏడాది నవంబరులో తమిళనాడులోని అరియలూరు దగ్గర ఇంకో రైలు. శాస్త్రిగారు మళ్లీ ఇచ్చారు, ఈసారి తీసుకున్నారు, ఇందులో ఆయన తప్పేమీ లేదని పార్లమెంటులో చెప్పి మరీ తీసుకున్నారు. వంతెన ఆయన కట్టలేదు, రైలు ఆయన నడపలేదు. అదే శాఖ స్టేషన్లలో ఇప్పుడు ఒక రికార్డు గొంతు రోజుకి వందసార్లు మీ అసౌకర్యానికి చింతిస్తోంది, ఎవరి కుర్చీ కిందా ఏమీ కదలడం లేదు. ఎంత ప్రగతి!

అప్పటి పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విలీ బ్రాంట్ ఇంకా ప్రమాదకరం. 1970 డిసెంబర్ 7న వార్సాలో, నాజీలకి ఎదురుతిరిగి చనిపోయిన యూదుల స్మారకం దగ్గర పూలదండ పెట్టి, రిబ్బన్ సర్ది, ఉన్నట్టుండి తడిసిన నేల మీద మోకరిల్లాడు. ఒక్క మాట లేదు. నాజీల పాలనలో దేశం వదిలి నార్వే పారిపోయిన మనిషి, ఆయన చేసిందేముంది క్షమించమనడానికి? సొంత దేశంలో సర్వే చేస్తే 48 శాతం మంది ఇది అతి అన్నారు. ఓట్ల లెక్క తెలిసినవాడు చేసే పనేనా ఇది.

వీళ్లని చూసి బెంగపడేవాళ్లకి ధైర్యం చెప్పడానికి బ్రిటన్ మాజీ ప్రధాని డేవిడ్ కామెరాన్ ఉన్నారు. 1972లో ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీలో బ్రిటిష్ సైనికులు ఊరేగింపు మీద కాల్పులు జరిపారు. దానికి 2010లో, ప్రధానిగా ఉండగా, ఆయన పార్లమెంటులో 'ఉంటే' లేకుండా, 'కానీ' లేకుండా క్షమాపణ చెప్పారు. మూడేళ్లు తిరక్కుండానే జలియన్‌వాలా బాగ్‌కి వచ్చారు. బ్రిటిష్ లెక్కలోనే 379 మంది పోయిన చోటు. సందర్శకుల పుస్తకంలో ఎంతో సిగ్గుచేటైన ఘటన అని రాసి, క్షమాపణ ఏదంటే, తాను పుట్టడానికి నలభై ఏళ్ల ముందు జరిగినదాని కోసం చరిత్రలోకి వెళ్లడం సరికాదన్నారు. న్యాయమే. డెర్రీ కాల్పులప్పుడు మాత్రం ఆయనకి అయిదేళ్లు, బహుశా అక్కడ తుపాకీ పట్టుకుని ఉంటారు.

ఇన్ని చెప్పేవాడు తన ఇంట్లో ప్రయోగించి చూడాలి కదా. మొన్న పండగనాడు గారెలు సగం వాయిలో ఉండగా సిలిండర్ అయిపోయింది. బుక్ చేయమని మా ఆవిడ నాకు చెప్పి పది రోజులైంది. నేను గొంతు సవరించుకుని, వంటింట్లో జరిగిన దురదృష్టకర సంఘటనకు చింతిస్తున్నానని, ఇందువల్ల కుటుంబసభ్యుల్లో ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే...

"ఉంటే?" అంది, చిల్లుల గరిటె చేతిలో అలాగే పట్టుకుని.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటివాళ్ల సిలిండర్ అడగడానికి బయల్దేరాను.