న్యూయార్క్ డైనర్లు: తిండికి కొదవ లేదు, కూర్చునే చోటికే కరువు

2024లో న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో నెప్ట్యూన్ డైనర్ మూతపడింది. క్వీన్స్ ప్రాంతంలో ఒకవైపు రైలు వంతెన, మరోవైపు హైవే ఉన్న మూల మీద దశాబ్దాల పాటు నడిచిన హోటల్ అది. స్థలం కొన్నేళ్ల ముందే బిల్డర్ల చేతికి పోయింది కాబట్టి ఆ రోజు వస్తుందని అక్కడివాళ్లకు తెలుసు. అయినా ఆ నగరంలో ఏ పాత డైనర్ మూసినా జరిగే తంతు ఒకటుంది: ఆఖరిసారి తినడానికి జనం బారులు తీరడం, ఫొటోలు దిగడం, పాత న్యూయార్క్ పోయిందని నిట్టూర్చడం. ఆ నిట్టూర్పుల్లో నిజముంది. పోతున్నదేమిటో మాత్రం సరిగ్గా గుర్తు పట్టడం లేదనిపిస్తుంది. క్రోమ్ మెరుపు కోసం, నియాన్ బోర్డు కోసం, పుస్తకమంత మెనూ కోసం బెంగ పెట్టుకుంటున్నారు. డబ్బుంటే అవన్నీ మళ్లీ చేయించుకోవచ్చు, చేయిస్తున్నారు కూడా. ఒక్క కాఫీ డబ్బులతో గంటసేపు, ఏ హోదా అడగకుండా కూర్చోనిచ్చే ఏర్పాటు ఒకటుండేది. తిరిగి రానిది అదే.

చూడనివాళ్ల కోసం నాలుగు మాటలు. పొడవాటి కౌంటర్, దాని ముందు నేలకు బిగించిన గుండ్రటి స్టూళ్లు, కిటికీల పక్కన ఎదురెదురు సీట్ల బూత్‌లు, కళ్లెదుటే పెద్ద పెనం మీద గుడ్లూ బంగాళాదుంపలూ వేయించే వంటమనిషి. పొద్దుటి టిఫిను రాత్రి రెండింటికి అడిగినా ఇస్తారు. కప్పు ఖాళీ అయితే కాఫీ మళ్లీ పోస్తారు, దానికి వేరే డబ్బు తీసుకోరు. ఎడిసన్, జెర్సీ సిటీ వైపు కాపురాలు పెట్టిన తెలుగువాళ్లకు ఇదంతా తెలిసిందే. మాంసం ముట్టనివాళ్లకు కూడా వేళకాని వేళలో గ్రిల్డ్ చీజ్, పాన్‌కేకులు, వేయించిన దుంపలు వేడివేడిగా దొరికే చోటు అది.

ఇంత అమెరికన్‌గా కనిపించే ఈ డైనర్ పుట్టుకే ఒక మునిసిపల్ ఆంక్షతో ముడిపడి ఉంది. 1872లో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లో వాల్టర్ స్కాట్ అనే ఆయన గుర్రబ్బండి మీద రాత్రిపూట తిండి అమ్మడం మొదలుపెట్టాడు. శాండ్‌విచ్‌లు, ఉడికించిన గుడ్లు, పిండిలో పండ్లో మాంసమో కూరి కాల్చే ‘పై’ ముక్కలు, కాఫీ. కొనేవాళ్లు పత్రికాఫీసుల్లో రాత్రి డ్యూటీ చేసేవాళ్లు, మిగతా హోటళ్లన్నీ కట్టేసే వేళకు ఆకలేసేవాళ్లు. వానొచ్చినా మంచు పడ్డా బయట నిలబడే తినాలి. 1887లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్‌లో శామ్యూల్ జోన్స్ మనిషి లోపలికి ఎక్కి తినగలిగే బండి తెచ్చాడు. తలమీద కప్పు దొరికింది.

బండ్లు పెరిగాయి, రోడ్ల మీద ఎలక్ట్రిక్ ట్రాములు పెరిగాయి. పొద్దున పదింటికల్లా వీధి ఖాళీ చేయాలని నగరాలు ఆంక్షలు పెట్టాయి. బండివాళ్లేం చేశారు? ఖాళీ జాగా చూసి, అద్దెకు మాట్లాడుకుని, చక్రాలు దించేసి అక్కడే స్థిరపడ్డారు. రాత్రి వ్యాపారం కాస్తా పగలూ రాత్రీ వ్యాపారమైంది. వీధిలోంచి తరిమితే పుట్టిన హోటల్ అన్నమాట.

పాత రైలు పెట్టెల్నీ ట్రాముల్నీ హోటళ్లుగా మార్చారని చాలామంది అనుకుంటారు. అలాంటివీ కొన్ని ఉన్నాయిగానీ, పేరున్న డైనర్లు ఎక్కువగా ఫ్యాక్టరీలో పుట్టినవే. జెర్రీ ఓమాహోనీ కంపెనీ 1917 నుంచి 1952 దాకా న్యూజెర్సీలో దాదాపు 2,000 డైనర్లు తయారు చేసింది. ఫొడెరో, కల్‌మన్, పారామౌంట్, సిల్క్ సిటీ కూడా ఆ రాష్ట్రపు పేర్లే. పెనం, స్టూళ్లు, టైల్స్ అన్నీ బిగించిన హోటల్‌ను లారీ మీదో రైలు మీదో తెచ్చి దించేవారు. రవాణాకు వీలుగా సన్నగా, పొడుగ్గా ఉండాలి కాబట్టి బల్లల బదులు కౌంటర్ వచ్చింది. వాయిదాల మీద ఇచ్చేవారు. వాయిదాలు తప్పితే హోటల్‌నే ఎత్తుకుపోయి, బాగుచేసి ఇంకొకరికి అమ్మేవారు. పెద్ద పెట్టుబడి లేనివాడు సొంత హోటల్ పెట్టుకోగలిగాడంటే ఈ ఏర్పాటు వల్లే.

ఆ వాయిదాల తలుపులోంచే వలసవాళ్లు లోపలికి వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, ముఖ్యంగా 1965 వలస చట్టం దారి తెరిచాక, న్యూయార్క్ డైనర్ అంటే గ్రీకువాళ్ల హోటల్ అన్నంతగా మారిపోయింది. ఊరినుంచి వచ్చిన కుర్రాడు బంధువు హోటల్లో గిన్నెలు తోముతాడు, పెనం దగ్గరికి చేరతాడు, పదేళ్లకు చిన్న వాటా కొంటాడు. ఒక భాగస్వామి పగలు, ఇంకో భాగస్వామి రాత్రి. ఇరవై నాలుగు గంటలూ తలుపు తెరిచి ఉంచడం వెనకున్న కిటుకు అదే, గల్లా దగ్గర ఎప్పుడూ యజమాని ఉంటాడు. మెనూలో యూదుల మాట్జో బాల్ సూప్, గ్రీకుల మూసాకా, ఇటాలియన్ పాస్తా, టర్కీ కోడి మాంసపు క్లబ్ శాండ్‌విచ్ పక్కపక్కనే కూర్చున్నాయి. పేటలో ఎవరెవరుంటే వాళ్లందరి తిండీ ఉండాలనే జాగ్రత్త అది. నీలం తెలుపు రంగుల్లో, గ్రీకు జాడీల బొమ్మతో న్యూయార్క్ గుర్తుగా నిలిచిన కాగితపు కాఫీ కప్పు కూడా ఈ హోటళ్లను దృష్టిలో పెట్టుకుని 1963లో తయారైనదే. దాన్ని రూపొందించిన లెస్లీ బక్ గ్రీకువాడు కాడు, చెకొస్లొవేకియాలో పుట్టి నాజీల మారణహోమం నుంచి బతికి బయటపడ్డ మనిషి.

ఇక మూతపడటాల సంగతి. ఖర్చుల జాబితా చదివితే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. 2013లో 7.25 డాలర్లున్న కనీస గంట వేతనం 2025 నాటికి నగరంలో 16.50 డాలర్లయింది. గిన్నెలు తోమేవాడికి ఆ మాత్రం ఇవ్వకూడదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అయినా లెక్కలోంచి దాన్ని తీసేయలేం. పక్షులకు ఫ్లూ సోకి కోళ్లు పోవడంతో 2025 మార్చిలో అమెరికాలో డజను గుడ్ల సగటు ధర 6.23 డాలర్లకు చేరింది, అంతకు ఏడాది ముందు 3 డాలర్ల దగ్గరుండేది. గుడ్డే దిక్కైన హోటల్‌కు అదెంత దెబ్బో చెప్పక్కర్లేదు. యాప్‌ల ద్వారా ఇంటికి పంపుదామంటే, పెట్టెలో పావుగంట ఉన్న టోస్టు, ఆమ్లెట్ తినబుద్ధి కావు. కోవిడ్ వేరే రకంగా కొట్టింది. 2020 మే నుంచి 2021 మే దాకా సబ్‌వే రైళ్లను రాత్రి ఆపేశారు. రైలు ఆగితే రాత్రి డ్యూటీల జనం తగ్గారు, జనం తగ్గాక రాత్రి షిఫ్టు దండగైంది. అప్పుడు పదింటికి షట్టర్ దించడం అలవాటైన హోటళ్లలో చాలా వాటికి ఆ అలవాటు పోలేదు.

ఇవన్నీ నిజమే, కానీ వీటిలో ఏదీ అసలు కారణం కాదు. అసలు కారణం నేల. డైనర్ ఒక అంతస్తు కట్టడం, కొన్నిచోట్ల పక్కన కార్లు నిలిపే జాగా కూడా. నగరం అంచుల్లో, గోదాముల మధ్య, ఎవరికీ అక్కర్లేని మూలల్లో ఇలాంటివి వెలిశాయి. ఆ మూలలే బంగారమైనప్పుడు, పైన పది అంతస్తులు వేసుకోనిచ్చే జోనింగ్, అంటే ఎక్కడ ఎంత కట్టొచ్చో చెప్పే నగర నిబంధన, ఉన్నప్పుడు, ఒక్క అంతస్తులో ఆమ్లెట్లు వేయడం నేల యజమాని కంటికి వృథాగా కనిపిస్తుంది. మాన్‌హట్టన్‌లో 11వ అవెన్యూ మీదున్న మార్కెట్ డైనర్ 2015లో మూతపడింది, ఆ చోట అపార్టుమెంట్లు లేచాయి. టీవీ సీరియల్ పుణ్యమా అని ప్రపంచమంతా ఎరిగిన బ్రాడ్‌వే టామ్స్ రెస్టారెంట్ అన్నేళ్లు నిలవడానికి, పర్యాటకుల ఫొటోల కంటే ఆ భవనం కొలంబియా విశ్వవిద్యాలయానిది కావడమే ఎక్కువ తోడ్పడిందని నా అంచనా. దశాబ్దాల పాటు దాని పై అంతస్తుల్లో నాసా వాళ్ల వాతావరణ పరిశోధనా సంస్థ నడిచింది. కింద ఆమ్లెట్లు, పైన భూమి ఎంత వేడెక్కుతోందన్న లెక్కలు.

దుకాణాల అద్దెకు న్యూయార్క్‌లో అడ్డూ అదుపూ లేదు. 1945లో తెచ్చిన వాణిజ్య అద్దెల నియంత్రణ 1963తో ముగిసిపోయింది. లీజు పొడిగింపులో చిన్న వ్యాపారికి హక్కు ఇవ్వాలనే బిల్లు 1986లో మొదటిసారి నగర కౌన్సిల్ ముందుకొచ్చింది, రకరకాల రూపాల్లో తిరిగి తిరిగి వచ్చింది, ఎన్నడూ చట్టం కాలేదు. దాన్ని ఆమోదించాల్సిందే. కానీ అదొక్కటే డైనర్లను నిలబెడుతుందని చెబితే అబద్ధమవుతుంది. ఎందుకంటే క్వీన్స్, బ్రూక్లిన్ లాంటి చోట్ల నేలకు యజమాని హోటల్ యజమానే అయిన సందర్భాలూ ఉన్నాయి. నలభై ఏళ్లు పెనం పొగలో నిలబడ్డాడు, మోకాళ్లు అరిగాయి, కొడుకు లాయరు, కూతురు డాక్టరు, ఇద్దరికీ హోటల్ వద్దు. బిల్డర్ వచ్చి కోట్ల డాలర్లంటాడు. అమ్మక ఏం చేస్తాడు? పిల్లలు పెనం దగ్గరికి రాకూడదనే కదా అంత కష్టపడింది! ఆ అమ్మకాన్ని సాంస్కృతిక నష్టమని తిట్టేవాళ్లలో ఎంతమంది రాత్రి షిఫ్టుకు తమ పిల్లల్ని పంపుతారో అడగాలి.

కట్టడాన్ని కాపాడితే చాలదా? సోహోలోని మూన్‌డాన్స్ డైనర్ కథ దానికి జవాబు. 2007లో స్థలం పోతుంటే, వయోమింగ్ రాష్ట్రం నుంచి ఒక జంట ఆ డైనర్‌ను 7,500 డాలర్లకు కొని, లారీ మీద దేశం సగానికి పైగా దాటించి, కొన్ని వందల మంది ఉండే లాబార్జ్ అనే ఊళ్లో దించింది. మంచు బరువుకు కప్పు కూలింది, బాగుచేసి 2009లో తెరిచారు, 2012లో మూతపడింది. పెట్టె ప్రయాణం చేయగలదు. రాత్రి రెండింటికి తలుపు తోసుకొచ్చే టాక్సీ డ్రైవర్, నర్సు, తాగి తూలే విద్యార్థి దాంతోపాటు రారు. చెల్సీలోని ఎంపైర్ డైనర్ 1946 నాటి ఫొడెరో పెట్టె, మెరుపు పోకుండా, చేతులు మారుతూ ఖరీదైన భోజనశాలగా నెగ్గుకొచ్చింది. విలియమ్స్‌బర్గ్‌లోని కెలాగ్స్ డైనర్ దివాలా తర్వాత 2024లో కొత్త యజమానులతో, టెక్సాస్ మెక్సికన్ రుచులతో తెరుచుకుంది. తిండి బాగుంటే సంతోషమే, వాళ్లను తప్పుపట్టను. అయితే సాయంత్రం బుకింగ్ చేసుకుని వెళ్లే చోటుకూ, ఇల్లు ఇరుకై, మనసు బాగోలేక, చేతిలో మూడు డాలర్లతో దూరే చోటుకూ చాలా తేడా ఉంది.

హైదరాబాద్ ఇరానీ హోటల్ ఎరిగిన పాఠకుడికి ఇది వేరే చెప్పాలా. అక్కడా వలస వచ్చినవాళ్లే, మూల మీది కొట్టే, వన్ బై టూ చాయ్‌తో సాయంత్రమంతా గడిచిపోయే బల్లలే. అబిడ్స్‌లో కవులు, రచయితలు కూర్చున్న ఓరియంట్ హోటల్ ఎప్పుడో పోయింది. ఇరానీ చాయ్ మాత్రం పోలేదు, ఊరంతా దొరుకుతోంది. చాలాచోట్ల నిలబడి తాగి కదలాల్సిన బల్లల దగ్గర దొరుకుతోంది, అంతే తేడా.

న్యూయార్క్‌లోనూ సరిగ్గా అదే జరిగింది. వాల్టర్ స్కాట్ బండికి ఇవాళ్టి వారసుడెవరని చూస్తే, క్రోమ్ హోటళ్ల వైపు కాకుండా కాలిబాట వైపు చూడాలి. 1990లో మాన్‌హట్టన్‌లో 53వ వీధి మూల మీద ఈజిప్టు నుంచి వచ్చినవాళ్లు హాట్‌డాగ్ బండి పెట్టారు, టాక్సీ నడిపే ముస్లింల ఆకలి చూసి కోడి మాంసం, అన్నం అమ్మసాగారు. అదే హలాల్ గైస్. ఇప్పుడు నగరంలో ఏ మూల చూసినా అలాంటి బళ్లే. ఈస్ట్ విలేజ్‌లో పంజాబీ గ్రోసరీ అండ్ డెలీ అనే ఇరుకు కొట్టు రాత్రింబవళ్లు టాక్సీవాళ్లకు చాయ్, సమోసా, కూర, అన్నం పెడుతూ వచ్చింది. రాత్రి పనివాళ్లకు చవగ్గా వేడి తిండి పెట్టడమనే 1872 నాటి పని ఆగలేదు. డైనర్ల వంటగదుల్లో సైతం పెనం దగ్గర నిలబడేది చాలాకాలంగా మెక్సికో, ముఖ్యంగా పుఏబ్లా ప్రాంతం నుంచి వచ్చినవాళ్లే. పాత లెక్కన వాళ్లే తర్వాతి యజమానులు కావాలి. గ్రీకు కుర్రాడికి దొరికిన వాయిదాల డైనర్, చవక జాగా వాళ్లకు దొరకలేదు.

అందుకని డైనర్లను కాపాడాలన్న ఉద్యమాలు పాత పెట్టెల చుట్టూ తిరగడం చూస్తే విసుగొస్తుంది. వందేళ్ల కిందట బండివాడు ఖాళీ జాగాలో దిగి హోటల్ యజమాని అయ్యాడు కదా, ఇవాళ బండివాడు దిగడానికి ఏముంది? ఫుట్‌పాత్ తిండి బళ్ల పర్మిట్లకు న్యూయార్క్ 1980లలోనే పరిమితి కట్టేసింది. దాంతో పర్మిట్లు నల్లబజారుకెక్కాయి. కొత్తవాడు అసలు హక్కుదారుకు వేల డాలర్లు కట్టి అద్దెకు తెచ్చుకోవాలి. 2021లో చట్టం మార్చి ఏటా 445 చొప్పున కొత్త లైసెన్సులిస్తామన్నారు, అమలు నత్తనడకన సాగింది. మెట్రో స్టేషన్ల దగ్గర, ఆసుపత్రుల దగ్గర నగరం చేతిలో ఉన్న చిన్న చిన్న జాగాలను పాతికేళ్ల లీజుకు, అదుపులో ఉన్న అద్దెకు, ఇలాంటి బండివాళ్లకు ఇస్తే ఏం పుడుతుందో చూడొచ్చు. దాన్ని చూసి డైనర్ అని ఎవరూ అనకపోవచ్చు, అందులో పాన్‌కేకుల బదులు బిర్యానీ ఉండొచ్చు. ప్రస్తుతానికి నగర నిబంధన ఎలా ఉందంటే, బండివాడి సామానంతా బండిలోనో బండి కిందో ఉండాలి. తినేవాడి కోసం పక్కన ఒక్క స్టూలు వేసినా జరిమానా కట్టాలి.