పిట్టకి మీ మిలిటరీ టెంటుతో పనేటి?

పెరట్లో పిట్టల ఫొటోల కోసం, దాక్కునే మాటుగా మచ్చల డిజైన్ టెంటు ఆర్డర్ పెట్టేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతోంది. పిట్ట ఎక్కువగా బెదిరేది రంగుకి కాదండీ బాబూ, మనిషి ఆకారానికి, కదలికకి. ఆ రెండూ దాచడానికి గోనెసంచి చాలు. జూట్ మిల్లులకి పేరుపడ్డ విజయనగరంలో దానికీ కరువా?

నాలుగు సరుగుడు కర్రలు 4 అడుగుల చదరంలో పాతండి. నేలపైన నాలుగున్నర అడుగులుంటే సరిపోతుంది. సంచుల కుట్లు విప్పి, దబ్బనంతో కలిపి కుట్టి, చుట్టూ, పైనా బిగించండి. వెనకవైపు మాత్రం రెండు పొరలు వెయ్యాలి. అటునుంచి వెలుగొస్తే లోపల మీరు చెయ్యెత్తినా ముందు గోనె మీద తోలుబొమ్మలాటే! అడుగు అంచుల మీద ఇటుకలు పెట్టండి. గాలికి గోనె టపటపలాడిందంటే ఒక్క పిట్టా దిగదు.

పీట మీద కూర్చుంటే కన్ను దాదాపు 3 అడుగుల ఎత్తులో ఉంటుంది. రంధ్రం అక్కడే పెట్టండి. పాత ప్యాంటు కాలు ముక్క దానికి కుట్టి, లెన్సు చుట్టూ నాడాతో ముడెయ్యండి. లెన్సు తిప్పినా సందు పడదు.

దూరం దగ్గర అందరూ ఆశపోతులే. ఏపీఎస్‌సీ (ఫుల్‌ఫ్రేము కన్నా చిన్న సైజు) సెన్సరు కెమెరాకి 300 ఎంఎం లెన్సు వేస్తే, 16 అడుగుల్లో పిగిలిపిట్ట ఫ్రేములో సగం వస్తుంది. ఇంకా దగ్గరికి లాగితే రెక్క విప్పగానే తెగిపోతుంది. తేనెపిట్టకైతే 10 అడుగులు. పిట్ట వాలే కొమ్మకీ వెనక గోడకీ మధ్య 15 అడుగులైనా వదలకపోతే సున్నం మరకలు కూడా ఫొటోలో పడతాయి. మాటు తూర్పున, కొమ్మ పడమర. పొద్దున్న 6 నుంచి 9 లోపే పని. వేసవిలో ఆ తర్వాత గోనె లోపల ఉడికిపోతారు.

అన్నం మెతుకులు చల్లకండి, కాకులు చేరి మిగతావాటిని తరిమేస్తాయి. మట్టి మూకుట్లో 2 అంగుళాల నీళ్లు, మధ్యలో గరుకు రాయి చాలు. నీళ్లు రోజూ మార్చాలి, లేకపోతే దోమల్ని పెంచినట్టే.

మాటు కట్టగానే దూరిపోకండి. రంధ్రంలో నల్లరంగు వేసిన కూల్‌డ్రింక్ సీసా పెట్టి వారం వదిలెయ్యండి. దానికి అలవాటుపడ్డ పిట్ట రేపు లెన్సుని పట్టించుకోదు. లోపలికి ఇద్దరు వెళ్లి ఒకరు బయటికొచ్చెయ్యాలి, మనిషి వెళ్లిపోయాడనుకుంటాయి. కాకి దగ్గర ఈ ఎత్తు పారుతుందని గ్యారంటీ లేదు. కెమెరా ఫోకస్ బీప్, దాని ముందు వెలిగే దీపం, రెండూ ఆపెయ్యండి.

గూడు ముందు మాత్రం ఇవేవీ కట్టొద్దు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం ఊళ్లో పెలికాన్లు మనుషుల మధ్యే పిల్లల్ని పెంచడం లేదా అని వాదిస్తారు. అవి రోజూ అదే దారిన పోయే ఊరివాళ్లకి అలవాటుపడ్డాయి, గూటికి ఎదురుగా తిష్టవేసిన మీకు కాదు. ఫొటోకి అడ్డమని గూటి ముందు ఆకులు తుంపేవాళ్లని ఏమనాలో తెలీడం లేదు. ఆ ఆకు పోతే పిల్లల మీద ఎండ పడుతుంది, పైనుంచి కాకికి గూడు దొరికిపోతుంది.

ఇంకోటి, లోపల పీట వేసేముందు కర్రతో మూలలు తట్టండి. చల్లగా, చీకటిగా ఉన్న గోనె కింద పాములూ తేళ్లూ దూరతాయి.