ఉప్పునీళ్ల అద్వైతం

మా అపార్ట్‌మెంటులో ప్రతి పౌర్ణమికీ వేదాంతం ఉంటుంది. సెల్లారులో కార్లు పక్కకు జరిపి, ప్లాస్టిక్ కుర్చీలు వేసి, సెక్రటరీ గారే చెబుతారు. మొన్నటిది ఛాందోగ్యోపనిషత్తు. ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు ‘తత్త్వమసి’, అంటే ‘అది నువ్వే’ అని తొమ్మిదిసార్లు చెప్పాడట. ఒక్కసారి చెబితే వినే కొడుకులు ఆ రోజుల్లోనూ లేరన్నమాట. నీళ్లలో ఉప్పు వేయించి, మర్నాడు పైనుంచి తాగి చూడమన్నాడు, మధ్యలోంచి, అడుగునుంచి కూడా తాగి చూడమన్నాడు. అంతటా ఉప్పే. బ్రహ్మమూ అంతే.

ఈ ప్రయోగం మా బోరు ఎప్పుడో చేసిపెట్టింది. ఐదో అంతస్తు కుళాయి, మూడో అంతస్తు కుళాయి, వాచ్‌మన్ గది బయటి కుళాయి, అన్నింటా ఒకటే ఉప్పు. కాకపోతే ఫ్లాట్లవాళ్లం డబ్బా నీళ్లు కొనుక్కుంటాం కనుక బ్రహ్మజ్ఞానం పూర్తిగా అబ్బింది వాచ్‌మన్ కుటుంబానికే. మాకేమీ అసూయ లేదు.

లీల విషయంలో కోశాధికారి గారే మాకు ప్రమాణం. మెయింటెనెన్సు లెక్కలు అడిగితే నవ్వి, ‘లోకవత్తు లీలాకైవల్యమ్’ అంటారు. దేవుడు జగత్తును ఏ అవసరం కోసమూ సృష్టించలేదు, ఊరికే ఆట అని ఆ బ్రహ్మసూత్రానికి అర్థం. కోరికలన్నీ తీరిన రాజు ఆడుకున్నట్టు అని శంకరుల భాష్యం. మా కోశాధికారికి ఏయే కోరికలు తీరాయో లెక్కలు చూస్తేగానీ తెలియదు.

ఆటే అయితే ఒకరికి పల్లకీ, మరొకరికి మోత ఎందుకు? దేవుడిది పక్షపాతం కాదు, ఎవరి కర్మ వారిది అని బాదరాయణుడు ఆ మరుసటి సూత్రంలోనే తేల్చేశాడు. అది సెక్రటరీ గారికి కంఠోపాఠం. లిఫ్టు పక్కన ‘పనివారు మెట్లు వాడవలెను’ అన్న బోర్డు ఎవరు పెట్టారని అడిగితే, “వాళ్ల కర్మ పెట్టింది” అన్నారు. ఖర్చు మాత్రం మా ఖాతాలో రాశారు.

ఇలాంటి బోర్డు లేకనే కాశీలో శంకరులు ఇబ్బందిపడ్డారు. ఎదురైన చండాలుణ్ణి తప్పుకోమంటే, “అన్నమయం నుంచి అన్నమయాన్నా, చైతన్యం నుంచి చైతన్యాన్నా, దేన్ని తప్పుకోమంటావు?” అని అడిగాడని కథ. అన్నమయమంటే అన్నంతో ఏర్పడిన ఈ ఒళ్లు. శంకరులు ఆయన్నే గురువన్నారు. ‘మనీషా పంచకం’ అలా పుట్టింది. బోర్డు ఉంటే అయిదు శ్లోకాల శ్రమ తప్పేది.

ఆ పౌర్ణమినాడే పులిహోర గుండిగ నైవేద్యానికి ఐదో అంతస్తుకు చేరాలి. మోసుకొచ్చిన పనావిడ బోర్డు దగ్గర ఆగింది. సెక్రటరీ గారు శాస్త్రం తప్పలేదు. గుండిగను లిఫ్టులో పెట్టించి, మీట నొక్కి, ఆవిణ్ణి మెట్లెక్కమన్నారు. అన్నం లిఫ్టులో వెళ్లింది, అన్నమయం మెట్లెక్కింది. పైన దించుకునేవారు లేరు, కింద ఎవరో మీట నొక్కారు. ఆవిడ ఆయాసపడుతూ ఐదో అంతస్తు చేరేసరికి పులిహోర తిరిగి సెల్లారుకు వచ్చేసింది.