నీలం మాత్ర చేతికందుతోంది, ఒంటబడుతోందా?

పొద్దున్నే పల్లె నుంచి బస్సెక్కి జూనియర్ కాలేజీకి వెళ్లే అమ్మాయిని ఏం తిన్నావని అడిగి చూడండి. ‘టీ తాగాను’ అంటుంది. కింది కనురెప్పను వేలితో కాస్త లాగితే, ఎర్రగా ఉండాల్సిన చోటు పాలిపోయి కనిపిస్తుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పాఠం మధ్యలో కళ్లు తిరగడం. ఇంట్లో వాళ్లు నీరసమని సరిపెట్టుకుంటారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకుముందు సర్వేలో ఇది 54 శాతం. మన రెండు రాష్ట్రాల పరిస్థితీ ఇంతకన్నా మెరుగ్గా లేదు. దశాబ్దం పైగా వారానికో నీలం రంగు ఐరన్ మాత్ర పంచుతున్నా, 2018లో రక్తహీనతను తగ్గించే అనీమియా ముక్త్ భారత్ పథకం మొదలైనా ఇదీ ఫలితం.

మాత్రలో లోపం లేదు. 60 మిల్లీగ్రాముల ఇనుము, దానితోపాటు ఫోలిక్ యాసిడ్ ఉన్న మంచి మందు అది. కానీ పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. మలం నల్లగా వస్తే పిల్ల భయపడుతుంది. అలా కావడం మామూలేనని ముందుగా ఎవరూ చెప్పరు. దాంతో రెండో వారం మాత్ర పుస్తకాల సంచిలోనే ఉండిపోతుంది. రిజిస్టరులో మాత్రం ఇచ్చినట్టే ఉంటుంది. మింగిందో లేదో రాసే గడి కూడా అందులో ఉండాలి. ఇక టీ సంగతి. తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వకుండా టీ అడ్డుపడుతుంది, నిమ్మరసం, ఉసిరి తోడ్పడతాయి. ఇంట్లో ఉన్న ఒక్క గుడ్డూ అన్నదమ్ముల కంచంలోకే వెళ్తుంటే, నెలనెలా రక్తం పోయే ఆడపిల్లకు ఆ లోటు ఎలా తీరుతుంది?

అందుకే 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో మొదలైన మధ్యాహ్న భోజనాన్ని నేను ఆరోగ్య పథకంగానే చూస్తాను. అన్నం తిన్నాక, అధ్యాపకురాలి ఎదుటే మాత్ర వేయిస్తే సగం చిక్కు తీరుతుంది. ఆరు నెలలకోసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేసి, డెసిలీటరు రక్తంలో ఉండాల్సిన 12 గ్రాములకు ఎంత తగ్గిందో పిల్లకూ తల్లికీ చెప్పాలి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువైతే డాక్టరుకు చూపించాలనీ అప్పుడే చెప్పవచ్చు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది పదో తరగతితో చదువు మానేసిన అమ్మాయి. ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల మహిళల్లో 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిందని అదే సర్వే చెబుతోంది. ఒంట్లో రక్తం లేకుండానే ఆమె గర్భం దాల్చుతుంది. ఆశా కార్యకర్త పగలు ఇంటికి వెళ్తే ఆమె మిరప చేలో ఉంటుంది. సాయంత్రం ఆరు దాటాక వెళ్తే దొరుకుతుంది. ఆ అదనపు వేళకు ఆశా కార్యకర్తకు విడిగా డబ్బు చెల్లించాలి.