రొట్టెకు వడ్డీ లేదు

వడ్డీ తప్పని నమ్మే మా ముస్లింల కోసం మన దేశంలో వడ్డీ లేని బ్యాంకు పెట్టొచ్చా లేదా అని పెద్దలు చాలా ఏళ్లు తలలు పట్టుకున్నారు. ఆలోచించండి అని 2008లో రఘురామ్ రాజన్ కమిటీ చెప్పింది. ఆలోచించి, ఇక వద్దనుకున్నాం అని 2017లో రిజర్వు బ్యాంకు చెప్పింది. ఇంత శ్రమ దేనికో అర్థం కాదు. మొహర్రం నెలలో రొట్టెల పండక్కి నెల్లూరు వచ్చి ఉంటే ఆ బ్యాంకు ఎట్లా నడుస్తుందో బారాషహీద్ దర్గా పక్కనే కనిపించేది.

స్వర్ణాల చెరువులో దిగి, తలమీద కొంగు కప్పుకుని, ధనం రొట్టె ఎవరిస్తారా అని వెతుక్కుంటారు. సొంతింటికి ఒక రొట్టె, ఉద్యోగానికి ఒకటి, చదువుకు ఒకటి. కోరిక తీరితే మరుసటి ఏడు వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇస్తారు. షూరిటీ అక్కర్లేదు, సిబిల్ స్కోరు చూడరు, ఆలస్యమైతే ఇంటి ముందుకు మనుషులు రారు. కోరిక తీరకపోతే అసలు బాకీయే లేదు. లాభనష్టాలు పంచుకోవడమంటే ఇంతకంటే ఏముంటుంది? దర్గాకు వెళ్లడమే తప్పనే మా తమ్ముడికి తప్ప ఇందులో ఎవరికీ అభ్యంతరం లేదు.

చిక్కంతా గట్టెక్కాక మొదలవుతుంది.

కోటమిట్టలో ఉండే మా మామూ, అంటే మేనమామ, ముందు వడ్డీ అనే మాటే ఎత్తకూడదు. బ్యాంకు ఖాతాలో పడే వడ్డీ ఒక్క పైసా ముట్టడు. అది పుణ్యం ఆశించకుండా వదిలించుకోవాల్సిన సొమ్మని ఆయన నమ్మకం. పోయినేడాది పదకొండు వందలు పడితే వీధి చివర మరుగుదొడ్డికి తలుపు పెట్టించాడు. తలుపు బాగా గట్టిది. ఇంత నిష్ఠ గల మనిషి ప్రతి నెలా ఐదో తారీఖున చీటీ పాటకు వెళ్తాడు. లక్ష రూపాయల చీటీని రెండో నెలలోనే డెబ్బై వేలకు పాడుకొచ్చాడు.

"ఆ ముప్పై వేలు ఏంది మామూ?"

"అది పాట."

"వడ్డీ కాదా?"

"వడ్డీ అయితే వడ్డీ అనే అంటారు గదరా!"

దీనికి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు. బీకాం చదివాను, అయినా దొరకలేదు. మా వాళ్ల ఆర్థిక వ్యవస్థ అంతా ఈ ఒక్క సూత్రం మీదే నిలబడి ఉంది. ఇంటాయన చేతికి ఐదు లక్షలిచ్చి, అద్దె కట్టకుండా మూడేళ్లు కాపురముండి, ఆ ఐదు లక్షలూ వెనక్కి తీసుకుంటే అది భోగ్యం. అప్పిచ్చి దానిమీద లాభం తినడం కాదా అంటే, అవునని చెప్పే మౌల్వీసాబ్‌లు చాలామందే ఉన్నారు. అందుకే వాళ్లను అడగం. తెలిసినాయన షాపులో డబ్బు పెట్టి నెలకు రెండు వేలు చొప్పున తీసుకుంటే అది వ్యాపారంలో వాటా. షాపుకు నష్టమొచ్చిన నెలలో కూడా మన వాటా రెండు వేలే. అంత నికార్సైన వాటా.

మా ఖాలాది, అంటే అమ్మ తోబుట్టువుది, వేరే లెక్క. ఆసుపత్రి ఖర్చుకు లక్ష కావాల్సి వచ్చింది. గతిలేనప్పుడు చేసే పనికి మజ్‌బూరీ అని పేరుంది కాబట్టి బ్యాంకులో నగ పెడదామన్నాను, ఏడాదికి నూటికి తొమ్మిది పడుతుందన్నాను. ఖాలా గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"తొమ్మిదా! పెద్దబజారులో ఆయన రెండే తీసుకుంటాడు."

ఆ రెండు నెలకు. ఏడాదికి ఇరవై నాలుగు వేలు. నేను కాగితం మీద గుణించి చూపించేలోపే నగ చేతులు మారింది. ఇట్లాంటి దాన్ని తెలుగులో ధర్మవడ్డీ అంటారు. వడ్డీ పక్కన ధర్మాన్ని కూర్చోబెట్టిన మహానుభావుడు ఎవరో గానీ మా మామూకు దగ్గరి చుట్టమై ఉండాలి.

అదే ఖాలా రంజాన్ నెల రాగానే లెక్కల్లో దిట్ట అయిపోతుంది. బంగారం 87.48 గ్రాములుంటే ఏటా పేదలకిచ్చే జకాత్ కట్టాలి, నూటికి రెండున్నర. మన నెల్లూరు కొలతలో పదకొండు సవర్లకు చిటికెడు తక్కువ. పెళ్లిళ్లకు వెళ్లేటప్పుడు ఖాలా ఒంటిమీద ఇరవై సవర్లుంటాయి, అడిగినా అడక్కపోయినా చెబుతుంది. రంజాన్‌లో పది. మిగతా పది కోడలిదీ మనవరాలిదీ అవుతాయి. షవ్వాల్ నెలవంక కనబడ్డాక తిరిగి వస్తాయి.

ఈ లెక్కల జనం దగ్గరికి ఎవరైనా "హలాల్" అని బోర్డు పట్టుకొస్తే ఏమవుతుందో చెప్పాలా? హైదరాబాద్‌లో 2018లో హీరా గోల్డ్ అనే పెట్టుబడి కంపెనీ కేసు బయటపడింది. ఏడాదికి 36 శాతం దాకా లాభమన్నారు. 2019లో బెంగళూరులో ఐఎంఏ అనే ఇంకో కంపెనీ చేతులెత్తేసింది, దాన్ని స్థాపించినాయన దుబాయ్‌లో తేలాడు. కువైట్‌లో ఎండకు మాడి పంపిన డబ్బు, ఆడపిల్ల పెళ్లికని దాచిన డబ్బు అందులో పడింది. ఇది హలాలేనా అని మసీదు మెట్ల మీద ఎంత చర్చో! నెలకు నూటికి మూడు రూపాయలు ఏ వ్యాపారంలో వస్తాయని మాత్రం ఎవరూ అడగలేదు, వడ్డీ వ్యాపారంలో తప్ప అంత రాదని తెలిసిన నెల్లూరు వాళ్లు కూడా. షరియా ప్రకారం ఏరిన షేర్లలోనే పెట్టే టాటా ఎథికల్ ఫండ్ అని ఒకటుంది, అందులో లాభం ఉండొచ్చు, నష్టమూ రావొచ్చు అని నేను చెబితే మామూ చెవులు మూసుకున్నాడు.

"నష్టం రావొచ్చంటే జూదం గదరా!"

ఖురాన్‌లో అన్నిటికంటే పొడుగు ఆయత్, అంటే వాక్యం, నమాజు గురించి కాదు, రోజా ఉపవాసం గురించి కాదు. రెండో సూరాలో, అంటే రెండో అధ్యాయంలో, 282వ ఆయత్, అప్పు పత్రం గురించి. గడువు పెట్టి రాసుకోండి, సాక్షుల్ని పెట్టుకోండి, చిన్న అప్పైనా రాయడానికి బద్ధకించకండి అని అంత వివరంగా చెప్పింది. మామూ దాన్ని ఎంత చక్కగా ఓదుతాడంటే వింటుంటే కళ్లు చెమరుస్తాయి. అరబ్బీలో ఓదుతాడు, అర్థం జోలికి పోడు.

పోయిన శుక్రవారం జుమా నమాజు అయ్యాక నన్ను చెప్పుల దగ్గరికి పిలిచాడు. చీటీ కట్టడానికి ఇరవై వేలు తక్కువైందట. నేను ఆయత్ గుర్తు చేసి, బ్యాగులోంచి తెల్లకాగితం తీశాను. మామూ కాగితం వైపు చూశాడు, నావైపు చూశాడు.

"మీ అమ్మ బతికుంటే నా దగ్గర ఇట్టా రాయించుకునేదా?"

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాను. డబ్బు ఇచ్చాను. ఎప్పుడిస్తావని అడగడానికి నోరు రాలేదు. చెప్పులేసుకుంటూ ఆయనే అన్నాడు.

"రొట్టెల పండక్కి ఇస్తాలేరా."

ఏ ఏడాది పండక్కో చెప్పలేదు.