వెండి నాణెం నల్లబడకపోతే పుట్టగొడుగు మంచిదేనా?

హస్త, చిత్త కార్తెల్లో నాలుగు వానలు పడితే చాలు, పుట్టల పక్కన గొడుగులు లేస్తాయి. వాటితోపాటే వాట్సాప్‌లో పాత సందేశం ఒకటి మళ్లీ లేస్తుంది. "విషపు పుట్టగొడుగును ఇంట్లోనే కనిపెట్టండి" అని దాని మకుటం. కర్నూలు, అనంతపురం, కడప గ్రూపుల్లో ఏటా తిరిగే ఆ సందేశంలో ఉన్నవి ఆరు మాటలు. ఉడికేటప్పుడు వెండి నాణెం గానీ తెల్లగడ్డ గానీ వేస్తే నల్లబడింది విషం. పురుగు కొరికింది మంచిది. తెల్లగా ఉన్నది మంచిది. పుట్టమీద మొలిచింది ఏదైనా తినొచ్చు. చింతపండు, పసుపు వేసి ఉడికించి నీళ్లు పారబోస్తే విషం పోతుంది. తిన్నాక మూడు గంటలు ఏమీ కాకపోతే గండం గడిచినట్టే.

వీటిలో పుట్ట మాట సగం నిజం. మిగతావన్నీ తప్పు. చివరిదైతే మనిషిని ఆసుపత్రికి పోనీకుండా ఆపేస్తుంది.

వెండి, తెల్లగడ్డ

వెండిని నల్లబరిచేది గంధకం. కోడిగుడ్డు తిన్న వెండి చెంచా నల్లబడేది అందుకే, గుడ్డులో విషం ఉండి కాదు. తెల్లగడ్డలోనూ ఎర్రగడ్డలోనూ గంధకపు పదార్థాలే ఘాటునిస్తాయి. కాబట్టి నాణెమూ తెల్లగడ్డా కలిపి వేస్తే, మంచి పుట్టగొడుగుల కూరలోనైనా నాణెం మసకబారవచ్చు. ప్రాణం తీసే అమానిటా జాతి గొడుగుల్లో ఉండే అమాటాక్సిన్ అనే విషానికి రంగు లేదు, వాసన లేదు, అది వెండిని తాకినా ఏమీ చేయదు. నల్లమలలోనో లంకమలలోనో తరతరాలుగా ఏరుకునేవాళ్లు చూసేది గొడుగును, కాడను, మొలిచిన చోటును. నాణెం ఎవరి మొలలోనూ ఉండదు.

పురుగు కొరికితే

నత్తలు, ఈగల పురుగులు అమానిటాను కూడా సుబ్బరంగా తింటాయి. వాటి ఒళ్లు వేరు, మన కాలేయం వేరు. ఈ మాటకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

తెల్లగా ఉంటే

వేడి ప్రాంతాల్లో ఎక్కువమందిని ఆసుపత్రి పాలు చేసేది తెల్లటి గొడుగే. దాని పేరు క్లోరోఫిల్లం మోలిబ్డైటిస్. వాన పడిన రెండు మూడు రోజులకు పచ్చికలో, పార్కుల్లో, తోటల గడ్డిలో అరచేయంత వెడల్పున విచ్చుకుంటుంది. గొడుగు తెలుపు, నడినెత్తిన గోధుమరంగు పొలుసులు. కాడకు ఉంగరం ఉంటుంది, వేలితో తోస్తే పైకీ కిందికీ జరుగుతుంది. కింది రేకులు మొదట్లో తెల్లగానే ఉండి, ముదిరేకొద్దీ మురికి ఆకుపచ్చకు తిరుగుతాయి. ఇక్కడే అందరూ పొరబడేది: లేతగా, విచ్చుకోకముందు కోస్తే ఆ పచ్చదనం ఇంకా రాదు. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలై ఒళ్లు ఎండిపోతుంది. విచ్చుకోని మొగ్గను అడవిలోగానీ పచ్చికలోగానీ కోయకపోవడమే దీనికి విరుగుడు.

పుట్టమీద మొలిస్తే

ఈ మాటలో సత్తువ ఉంది, అందుకే ఇది ప్రమాదం కూడా. చెదలు పుట్ట లోపల నమిలిన ఆకు, పుల్లతో తుట్టె కట్టి, దానిమీద ఒక బూజును పెంచుకుంటాయి. ఆ బూజు వానాకాలంలో నేల చీల్చుకుని పైకి పంపే గొడుగే అసలైన పుట్టగొడుగు, టెర్మిటోమైసిస్. చెదలు లేకుండా దాన్ని తోటలో పండించడం ఇప్పటికీ ఎవరికీ చేతకాలేదు, అందుకే దుకాణంలో దొరకదు.

కానీ పుట్ట పక్కన మొలిచేవి అన్నీ అవే కావు. మన ఎండు నేలల్లో పుట్టమీదే నిలువుగా, మూసిన గొడుగులా పోడాక్సిస్ అనే వేరే రకం లేస్తుంది. అది ముదిరితే లోపలంతా నల్లటి పొడి. పుట్ట చుట్టూ ఉన్న చెట్ల వేళ్ల మీద, పేడ మీద మొలిచేవి వేరే. కాబట్టి చోటును నమ్మకుండా గొడుగును చూడాలి.

చూడడం ఇలా. పీకొద్దు. పీకితే అడుగుభాగం నేలలోనే ఉండిపోతుంది, అసలు గుర్తు ఉండేది అక్కడే. గొడుగుకు జానెడు దూరం నుంచి చిన్న గునపంతో మట్టి వదులు చేసి, చేత్తో తీస్తూ కాడ వెంట కిందికి పోవాలి. పుట్ట కాబట్టి ముందు కర్రతో తట్టి చూడండి, నాగులకు పాలు పోసేదీ ఇలాంటి పుట్టకే. టెర్మిటోమైసిస్ అయితే కాడ నేలలో వేరులా సన్నబడుతూ లోతుకు, తుట్టె వైపు పోతుంది. కాడ మొదట్లో సంచిలాగా, గిన్నెలాగా పొర కనిపిస్తే అది అమానిటా కావచ్చు, అక్కడే వదిలేయండి. ఒక్కదాన్ని ఇలా తవ్వి చూస్తే చాలు, పక్కవాటిని నేలమట్టానికి కోసుకోవచ్చు. తుట్టెను కెలికితే వచ్చే ఏడు ఆ పుట్టలో ఏమీ ఉండదు.

గొడుగు నడుమ గట్టిగా, కొసగా పొడుచుకొచ్చిన ముక్కు ఉండాలి. కింది రేకులు కాడకు అంటకుండా, వెంట్రుకవాసి ఎడంగా ఆగిపోవాలి. ఆపైన రేకుల నుంచి రాలే పొడిని చూసే పరీక్ష. కాడ కోసేసి, సగం తెలుపు సగం నలుపు కాగితం మీద రేకులు కిందికి వచ్చేలా గొడుగును బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా ఉంచాలి. రాలిన పొడి లేత గులాబీ అయితే సరిపోయింది. ఆకుపచ్చ అయితే పైన చెప్పిన క్లోరోఫిల్లం. తెల్లటి పొడి రాలితే పారేయండి, అమానిటాది తెలుపే. గులాబీ ఒక్కటే చూసి సంబరపడకూడదు, విషమున్న ఎంటొలోమా అనే గొడుగు పొడి కూడా గులాబీయే. దాని రేకులు కాడకు అతుక్కుని ఉంటాయి, నేలలో వేరు ఉండదు. గుర్తులన్నీ కలిస్తేనే కూర.

బియ్యం చల్లినట్టు వందల కొద్దీ లేచే బుల్లి గొడుగులదీ ఇదే జాతి. చెదలు బయట పారబోసిన తుట్టె ముక్కల మీద మొలుస్తాయి కాబట్టి వాటికి లోతు వేరు ఉండదు. కొత్తవాళ్లు వీటి జోలికి పోకపోవడమే మేలు. కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద వరిగడ్డి వాముల్లో వచ్చేది మరో రకం. దానికి అడుగున సంచి ఉన్నా రేకులు గులాబీ. అమానిటా మొగ్గ కూడా అచ్చం దాని మొగ్గలాగే కనిపిస్తుంది కాబట్టి మొగ్గలు ముట్టకూడదు.

ఉడికించి నీళ్లు పారబోస్తే

అమాటాక్సిన్ ఉడికించినా చావదు, వేయించినా, ఎండబెట్టినా చావదు. కొంత నీళ్లలోకి దిగినా గొడుగులో మిగిలేది చాలు. పులుపు, పసుపు దానికి రుచి మాత్రమే ఇస్తాయి. 2022 ఏప్రిల్‌లో అస్సాం తేయాకు తోటల ప్రాంతంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు.

మంచిదని తేలిన గొడుగును వండేటప్పుడు నీళ్లు పారబోస్తే రుచే పోతుంది. అరకిలో తీసుకుంటే, మట్టి కాడలు కోసేసి, కత్తితో గీకి, వెడల్పు గిన్నెలో రెండుసార్లు జాడించి వెంటనే తీయాలి. నానబెడితే స్పంజిలా పీలుస్తాయి. రెండు చెంచాల నూనెలో రెండు ఎర్రగడ్డలు, ఆరు తెల్లగడ్డ రెబ్బలు వేగాక, చేత్తో చీల్చిన గొడుగులు వేసి మంట పెంచాలి. మూత పెట్టొద్దు. వాటి నీళ్లు అవే వదులుతాయి. ఏడెనిమిది నిమిషాల్లో అవి ఇంకి, చిటపటమన్నాకే ఉప్పు, పసుపు, చెంచా మిరప్పొడి వేయాలి. ముందే ఉప్పు వేసి మూత పెడితే వేగకుండా జావలో ఉడుకుతాయి. మంట తగ్గించి ఇంకో పది నిమిషాలు ఉంచి, దించేముందు మూడు చెంచాల వేయించిన చెనిక్కాయల పొడి చల్లితే సంగటిలోకి, జొన్నరొట్టెలోకి సరిపోతుంది. కోసిన రోజే వండాలి. ప్లాస్టిక్ కవర్లో కట్టిపెడితే పూట తిరిగేసరికి చెమర్చి కంపు కొడతాయి, మంచి గొడుగైనా అప్పుడు కడుపు చెడగొడుతుంది. మందు కొట్టిన చేను గట్టున ఏ గొడుగూ కోయొద్దు.

మూడు గంటలు గడిస్తే

ఇది అన్నిటికంటే చెడ్డ మాట. త్వరగా వాంతులు తెచ్చేవి చాలావరకు బతకనిస్తాయి. అమాటాక్సిన్ 6 నుంచి 24 గంటల దాకా ఊరుకుంటుంది. రాత్రి తిన్నవాడికి తెల్లారాక వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. ఒక రోజుకు అవి తగ్గి, లేచి తిరుగుతాడు, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఆ తెరిపిలోనే కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. కళ్లు పచ్చబడేసరికి మూడో రోజో నాలుగో రోజో అవుతుంది.

కాబట్టి తిన్న ఆరు గంటల తర్వాత వాంతులు మొదలైతే అది ఎక్కువ భయపడాల్సిన లెక్క. ఉప్పునీళ్లు తాపి కక్కించే పని పెట్టుకోకుండా 108కి ఫోన్ చేసి, కర్నూలు, కడప, అనంతపురం పెద్దాసుపత్రుల్లో ఏది దగ్గరైతే దానికి పోవాలి. ఆ కూర తిన్నవాళ్లందరూ, ఇంకా ఏమీ కానివాళ్లు కూడా పోవాలి. వండని గొడుగు మిగిలుంటే కాగితంలో చుట్టి, లేకపోతే చెత్తలో వేసిన కాడలనైనా ఏరి వెంట తీసుకుపోండి. ఎన్ని గంటలకు తిన్నారో, ఎన్ని గంటలకు మొదటి వాంతి అయిందో డాక్టర్ మొదట అడుగుతారు.